ఈగల బంధుత్వం ఎక్కడ రాసి ఉంటుంది? (మీ ప్రశ్నలు - మా జవాబులు)

పోయిన నెల ఒక జవాబులో "12 రకాల ఈగల జన్యువులు పక్కపక్కన పెట్టి చూస్తే వాటి వంశవృక్షం బయటపడుతుంది" అని మాటవరసకి ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని గురించే. అందుకని ఈ నెల పేజీ మొత్తం ఈగలకే ఇచ్చేస్తున్నాను. నాకు బాగా ఇష్టమైన విషయం, కొన్ని చోట్ల జవాబు పొడుగైతే సర్దుకోండి.

*ప్రశ్న: మా మామిడి తోటలో పండు ఈగతో ఏటా నష్టపోతున్నాం. మీరు రాసిన ఈగ అదేనా? దాని జన్యువులు చదివినవాళ్ళు దాన్ని ఆపే మార్గం ఏమీ కనిపెట్టలేదా? - ఒక రైతు, నూజివీడు*

కాదండీ, పేరు ఒకటే, ఈగలు వేరు. మీ తోటలోది బ్యాక్ట్రోసెరా డోర్సాలిస్, దాదాపు ఇంటి ఈగంత ఉంటుంది, కాయ పక్వానికి వచ్చే టైముకి తొక్కలో గుచ్చి గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగులు లోపల గుజ్జు తినేస్తాయి. మీరు తోటలో కట్టే మిథైల్ యూజినాల్ ఎర బుట్టల్లో పడేవి దాని మగ ఈగలే. నేను రాసింది డ్రోసోఫిలా గురించి. వంటింట్లో మగ్గిన అరటిపండు చుట్టూ తిరిగే ఎర్ర కళ్ళ చిన్న ఈగ, రెండు మూడు మిల్లీమీటర్లకి మించదు. దానికి పండు కన్నా పండు పులిసినప్పుడు పెరిగే ఈస్టు ముఖ్యం. రెండిటి కుటుంబాలే వేరు. డ్రోసోఫిలాల్లో కూడా పంట పాడుచేసేది ఒకటుంది, సుజుకీ అని. ఆడ ఈగ గుడ్లు పెట్టే గొట్టానికి రంపం పళ్ళు ఉంటాయి, దాంతో చెర్రీ, స్ట్రాబెర్రీ లాంటి పల్చటి తోలు పళ్ళని చెట్టు మీదే కోసేస్తుంది. తూర్పు ఆసియా నుంచి వెళ్ళి 2008లో అమెరికాలోనూ యూరప్‌లోనూ కనపడింది. మీ తోట సంగతికి మాత్రం నా పేజీ కన్నా మీ ఉద్యానశాఖ అధికారి సలహానే నయం.

*ప్రశ్న: సార్, మా పుస్తకంలో డ్రోసోఫిలా మెలనోగాస్టర్ ఒక్కదాని బొమ్మే ఉంది. వేరే జాతులు కూడా చూడడానికి అలాగే ఉంటాయని మా మేడమ్ చెప్పారు. ఒకేలా ఉంటే వేరు జాతులని, దగ్గరి చుట్టాలని ఎలా చెప్తారు? - ఇంటర్ బైపీసీ విద్యార్థిని, తెనాలి*

మంచి ప్రశ్న అడిగావమ్మా. ఈ తికమక పెద్దపెద్దవాళ్ళే పడ్డారు. మెలనోగాస్టర్‌తో పాటు సిమ్యులాన్స్ అని ఇంకో ఈగ ఉంది. ఆ పేరుకి అర్థమే "అనుకరించేది". 1919లో అమెరికా జన్యుశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ స్టర్టెవాంట్ విడదీసేదాకా రెండూ ఒకటే అనుకున్నారు. ఆడ ఈగల్ని చూసి చెప్పడం ఇప్పటికీ కష్టమే, మగవాటి జననాంగం ఆకారం చూసి చెప్తారు. ఆయన రెండిటినీ జత కలిపితే, అంటే మెలనోగాస్టర్ ఆడదాన్ని సిమ్యులాన్స్ మగదాంతో కలిపితే, ఆడపిల్లలే బతికాయి, మగవి చచ్చిపోయాయి, బతికిన ఆడవాటికి సంతానం లేదు. జాతులు వేరని అక్కడ తేలిపోయింది.

నువ్వు అడిగిన రెండో సగం, చుట్టరికం, అసలు అందమంతా అందులోనే ఉంది. స్టర్టెవాంట్ 1921లో ఇంకో సంగతి చూపించాడు. కణంలో జన్యువుల్ని వరసగా మోసే దారాలే క్రోమోజోములు. వాటిలో మూడోదాని మీద జన్యువులు రెండు జాతుల్లోనూ అవే, కానీ ఒక పెద్ద ముక్కలో వాటి వరస తిరగబడి ఉంది. మీ ఊరి రైలు లైనే తీసుకో. విజయవాడ, తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు, నెల్లూరు. మధ్యలో ఒక ముక్క తెగి, తలకిందులై మళ్ళీ అతుక్కుందనుకో: విజయవాడ, తెనాలి, ఒంగోలు, చీరాల, బాపట్ల, నెల్లూరు. స్టేషన్లన్నీ ఉన్నాయి, ఏదీ పోలేదు, వరసే మారింది. దీన్నే ఇన్వర్షన్, మీ పుస్తకం మాటలో విలోమం అంటారు.

ఇప్పుడు కాగితం పెన్ను తీసుకో. ఆ రెండో వరసలో చివరి మూడు స్టేషన్లు ఇంకోసారి తిరగబడితే విజయవాడ, తెనాలి, ఒంగోలు, నెల్లూరు, బాపట్ల, చీరాల అవుతుంది. మొదటి వరస నుంచి ఈ మూడోదానికి ఒక్క తిప్పులో రాగలవేమో ప్రయత్నించి చూడు. రాలేవు. కనీసం రెండు తిప్పులు కావాలి, రెండో వరస ఆ దారిలో మధ్య మెట్టుగా సరిగ్గా సరిపోతుంది. అంటే మూడు ఈగల్లో ఈ మూడు వరసలు కనపడితే, ఏది ఏ రెండిటికి మధ్య మెట్టో ఎవరూ చూడకపోయినా చెప్పొచ్చు. నడక ఇటు నుంచి అటా, అటు నుంచి ఇటా అన్నది మాత్రం దీనితో తేలదు, దానికి దూరపు చుట్టం ఒకదాన్ని తెచ్చి పోల్చాలి. స్టర్టెవాంట్, ఇంకో జన్యుశాస్త్రవేత్త డోబ్జాన్‌స్కీ కలిసి 1930లలో సూడోఆబ్స్క్యూరా అనే అమెరికా ఈగ మూడో క్రోమోజోము మీద సరిగ్గా ఈ లెక్కే వేసి వంశవృక్షం గీశారు. అప్పటికి డీఎన్ఏ అంటే ఏమిటో కూడా సరిగా తెలీదు!

వాళ్ళకి ఆ వరసలు ఎలా కనపడ్డాయంటే, ఈగ పిల్ల పురుగు లాలాజల గ్రంథుల్లో క్రోమోజోములు వెయ్యి రెట్లు దాకా కాపీ అయి, విడిపోకుండా కట్టలా పడి ఉంటాయి. అందుకే మామూలు మైక్రోస్కోపులో కనపడతాయి. పీజీలో నేను మొదటిసారి ఈ ప్రాక్టికల్ చేసినప్పుడు నాలుగు పురుగుల్ని పాడుచేశాను. సీసా గోడ మీదకి పాక్కుంటూ వచ్చిన లావుపాటి పురుగుని ఉప్పునీటి బొట్టులో పెట్టి, ఒక సూదితో ఒళ్ళు ఆపి, రెండో సూదితో నల్లటి నోటి కొక్కేన్ని పట్టి మెల్లగా లాగాలి. గాజులా మెరిసే రెండు సన్నటి సంచులు బయటికొస్తాయి. అసిటో ఆర్సిన్ రంగులో నానబెట్టి, కవర్ స్లిప్ వేసి, పైన బ్లాటింగ్ పేపరు పెట్టి బొటనవేలితో నొక్కాలి. కొంచెం పక్కకి జరిగిందా, అంతా జావే. అయిదో పురుగుకి కుదిరింది. మెరూన్ రంగు గీతలు, ఒకటి సన్నం ఒకటి లావు, చీర అంచు మీద గళ్ళలాగా వరసగా. రెండు వేరు వరసలున్న తల్లిదండ్రుల పిల్లలో అయితే ఆ తిరగబడ్డ ముక్క దగ్గర క్రోమోజోము ఉచ్చులా చుట్టుకుని కనపడుతుంది. అది ఒక్కసారి చూస్తే మళ్ళీ ఎవరూ నీకు విలోమం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

*ప్రశ్న: వరస మారడం అర్థమైంది. జన్యువు లోపలి నిర్మాణం మారడం అంటే ఏమిటి? కొత్త జన్యువు శూన్యంలోంచి పుడుతుందా? - బయోటెక్ చదివి వేరే ఉద్యోగం చేస్తున్న పాఠకుడు, హైదరాబాద్*

శూన్యంలోంచి పుట్టడమూ అరుదుగా ఉంది కానీ ఎక్కువగా పాత సామాన్లతోనే కొత్త ఇల్లు కడుతుంది ప్రకృతి. చదివారు కాబట్టి మీకు గుర్తుండే ఉంటుంది, అయినా మిగతా పాఠకుల కోసం చెప్తాను. టీవీలో సినిమా వేస్తే మధ్యమధ్యలో యాడ్స్ వస్తాయి కదా, మన జన్యువులూ ఈగ జన్యువులూ అలాగే ఉంటాయి. సినిమా ముక్కలు ఎక్సాన్లు, యాడ్స్ ఇంట్రాన్లు. కణం ముందు మొత్తం ఆర్ఎన్ఏగా కాపీ తీసి, ఇంట్రాన్లు కత్తిరించి, ఎక్సాన్లని అతికించి, దాన్నిబట్టి ప్రోటీన్ తయారుచేస్తుంది. ఒక్కోసారి ఈ కత్తిరించిన కాపీ పొరపాటున తిరిగి డీఎన్ఏగా మారి క్రోమోజోములో ఇంకెక్కడో అతుక్కుంటుంది. యాడ్స్ లేని సినిమా కాపీ దొరికితే అది ఎడిటింగ్ తరవాత తీసిందని తెలుస్తుంది కదా, అలాగే ఇంట్రాన్లు లేని జన్యు నకలు కనపడితే అది ఆర్ఎన్ఏ దారిలో వచ్చిందని పట్టుకోవచ్చు.

దీనికి నాకు తెలిసిన అన్నిటికన్నా గొప్ప ఉదాహరణ జింగ్‌వే. పులిసిన పండులోని ఆల్కహాల్‌ని అరిగించుకోవడానికి ఈగలకి ఏడీహెచ్ అనే జన్యువు ఉంది, మెలనోగాస్టర్‌లో అది రెండో క్రోమోజోము మీద ఉంటుంది. ఆఫ్రికాలో యకూబా, టీసియెరీ అనే రెండు జాతుల్లో దాని నకలొకటి మూడో క్రోమోజోము మీద కనపడింది. ఇంట్రాన్లు లేవు కాబట్టి ముందు దీన్ని పనికిరాని చచ్చిన జన్యువు అనుకున్నారు. 1993లో మాన్యువాన్ లాంగ్, చార్లెస్ లాంగ్లీ జాగ్రత్తగా చూస్తే తేలిందేమిటంటే, ఆ నకలు వెళ్ళి పడింది ఇంకో జన్యువు లోపల. ఆ జన్యువు ముందు ఎక్సాన్లు దీనికి తలలా అతుక్కుని, తల ఒకరిది మొండెం ఇంకొకరిది అయిన కొత్త జన్యువు తయారై, ప్రోటీన్ కూడా చేస్తోంది. సముద్రంలో మునిగి చచ్చిపోయి పక్షిగా మళ్ళీ పుట్టిన చైనా పురాణాల రాకుమారి పేరు దానికి పెట్టారు. చచ్చిందనుకున్నది బతికింది కాబట్టి ఆ పేరు నాకు ఎంతో నచ్చుతుంది. వయసు సుమారు 25 లక్షల ఏళ్ళు, జన్యువుల లెక్కలో పసిపాప.

మరి చుట్టరికానికి ఇదెలా ఉపయోగం? యకూబాలో, టీసియెరీలో అదే చోట అదే అతుకు ఉంది, వాటి దగ్గరి బంధువు ఎరెక్టాలో లేదు. ఒకే జన్యువు నకలు ఒకే చోట అదే తీరున విడివిడిగా రెండుసార్లు అతుక్కోవడం దాదాపు జరగని పని. కాబట్టి ఆ రెండిటి ఉమ్మడి తల్లిలోనే, ఎరెక్టా దారి విడిపోయాకే అది జరిగింది. ఇద్దరు పిల్లలు పరీక్షలో ఒకే తప్పు ఒకే లైనులో రాస్తే మేష్టారు ఏమనుకుంటారు? అదే తర్కం. అయితే ఇంట్రాన్ ఒకటి పోవడం లాంటి చిన్న మార్పులు వేర్వేరు జాతుల్లో విడివిడిగా కూడా జరగొచ్చు, అందుకని ఒక్క గుర్తుని పట్టుకుని వంశవృక్షం గీయకూడదు. 2007లో 12 జాతుల జన్యుపటాలు, అంటే మొత్తం డీఎన్ఏ రాతలు, పక్కపక్కన పెట్టి పోల్చిన పని బయటికి రావడం అంత పెద్ద పండగ ఎందుకయ్యిందంటే, ఒకటీ అరా కాదు, వేల గుర్తులు ఒకేసారి చేతికొచ్చాయి. 2000లో మెలనోగాస్టర్ ఒక్కదాని పటం వచ్చినప్పుడు అందులో సుమారు 13,600 జన్యువులున్నాయని లెక్క తేల్చారు కానీ, పక్కన పెట్టి పోల్చడానికి ఇంకోటి లేదు.

*ప్రశ్న: జన్యువు చెడిపోతే అది నష్టం కదా, దాన్ని కూడా పరిణామం అంటారా? - టీచరు, కరీంనగర్*

అంటారండీ. హిందూ మహాసముద్రంలో సెషెల్స్ దీవుల్లో సెచెలియా అనే ఈగ ఉంది, నోని పండు మీదే బతుకుతుంది. పండిన నోనిలో ఉండే ఆక్టనోయిక్ ఆమ్లం మిగతా ఈగలకి విషం, దీనికి ఇల్లు. ఒక్క పండే చాలనుకున్నాక వాసనలు, రుచులు పసిగట్టే జన్యువులు చాలా వాటి అవసరం తీరిపోయింది, దగ్గరి బంధువుల కన్నా ఇందులో అవి త్వరగా పాడైపోయాయి. మనం పల్లె వదిలి వచ్చాక అక్కడి ఇల్లు కూలినట్టే.

అందులో ఒకదాని కథ మాత్రం వేరు. ఐఆర్75ఏ అనే వాసన జన్యువు మెలనోగాస్టర్‌లో వెనిగర్ వాసన పడుతుంది. సెచెలియాలో దాని మధ్యలో "ఆగు" అనే సంకేతం వచ్చిపడింది, అంటే ప్రోటీన్ సగంలో తెగిపోవాలి. చచ్చిన జన్యువుల లిస్టులో రాసేశారు కూడా. 2016లో చూస్తే ఈగ ముక్కు నాడీకణాలు ఆ "ఆగు"ని పట్టించుకోకుండా చదువుకుంటూ పోతున్నాయి, పూర్తి ప్రోటీనే తయారవుతోంది, కాకపోతే ఇంకొన్ని అక్షరాలు మారడం వల్ల వెనిగర్ బదులు వేరే ఆమ్లం వాసన పడుతోంది. కాబట్టి జన్యువు చెడిందో మారిందో అక్షరాలు చదివి మాత్రమే చెప్పకూడదని పిల్లలకి చెప్పండి.

*ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడ కాలేజీలో ఈగ జన్యువులకి "అనోటేషన్" చేస్తున్నానని రాత్రిళ్ళు కూర్చుంటున్నాడు. కంప్యూటరు చేసే పని కాదా ఇది? మార్కుల కోసం టైమ్ వేస్టేమో అని మా టెన్షన్. - ఒక తల్లి, సెయింట్ లూయిస్, అమెరికా*

అమ్మా, టెన్షన్ వద్దు, వాణ్ణి చెయ్యనివ్వండి. అనోటేషన్ అంటే డీఎన్ఏ రాతలో ఏ జన్యువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తుపెట్టడం. మీ ఊళ్ళోని వాషింగ్టన్ యూనివర్సిటీలో సారా ఎల్గిన్ మొదలుపెట్టిన కార్యక్రమం ఒకటుంది, ఎన్నో కాలేజీల డిగ్రీ పిల్లలు అందులో ఈగ జన్యువులు ఒక్కొక్కటే చేత్తో సరిచూస్తారు. 2015లో ఆ పని మీద వచ్చిన పరిశోధన పత్రానికి రచయితలు వెయ్యిమందికి పైనే, అందులో 900 మందికి పైగా విద్యార్థులు.

కంప్యూటరు మొదటి అంచనా వేస్తుంది, కానీ తప్పులు చేస్తుంది. రెండు జన్యువుల్ని ఒకటి చేస్తుంది, చిన్న ఎక్సాన్ని వదిలేస్తుంది. మీ అబ్బాయి స్క్రీన్ మీద ఏం చూస్తాడంటే, పైన మెలనోగాస్టర్ ప్రోటీన్, కింద కొత్త ఈగ డీఎన్ఏ అక్షరాలు. ఇంట్రాన్ సాధారణంగా జీటీ అనే రెండు అక్షరాలతో మొదలై ఏజీతో ముగుస్తుంది. ఆ రెండు చివరలు ఎక్కడో వెతకాలి, కణం ప్రోటీన్ కోసం అక్షరాల్ని మూడేసి చొప్పున చదువుతుంది కాబట్టి, కత్తిరించి అతికించాక ఆ లెక్క తప్పకుండా ఉందో లేదో చూడాలి. ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే ఆ తరవాత వచ్చే ప్రోటీనంతా అర్థంలేని రాత అయిపోతుంది. ఒక్కో ఇంట్రాన్ 60 - 70 అక్షరాలే, ఒక్కోటి వేలు. 2015 పత్రంలో వాళ్ళు తీసుకున్నది చుక్కంత ఉండే నాలుగో క్రోమోజోము, మెలనోగాస్టర్‌లో అక్కడ 80 జన్యువులే ఉంటాయి. మిగతా క్రోమోజోముల జన్యువులతో పోలిస్తే అక్కడివి పొడుగు, ఎక్సాన్లు ఎక్కువ, ఇంట్రాన్లలో గెంతే డీఎన్ఏ ముక్కలు పేరుకుపోయి ఉన్నాయి. ఆ చుక్క ఒకప్పుడు లైంగిక క్రోమోజోముగా ఉండేదని 2013లో బయటపడింది. జన్యువుల పొడుగు, ఎక్సాన్ల లెక్క లాంటివి ఎవరో ఓపిగ్గా కూర్చుని జన్యువు సరిహద్దులు సరిచూస్తేనే తెలుస్తాయి.

*ప్రశ్న: ఎన్ని కోట్ల ఏళ్ళయినా ఈగ ఈగగానే ఉంది కదా. మరి పరిణామం ఎక్కడ? - పాఠకుడు, అనంతపురం*

"ఈగ" అనేది మనం పెట్టుకున్న ఒక్క మాట, అందులో దాగినవి వేల జాతులు. హవాయి దీవుల్లో రెక్కల మీద బొమ్మలుండే డ్రోసోఫిలాలే వందకు పైగా ఉన్నాయి, కొన్ని మామూలు ఈగకి రెండు మూడింతలు. ఆ దీవులు సముద్రంలో అగ్నిపర్వతాల నుంచి ఒకదాని తరవాత ఒకటి పుట్టాయి. కవాయికి సుమారు 50 లక్షల ఏళ్ళు, పెద్ద దీవి హవాయికి అయిదు లక్షలు కూడా నిండలేదు. హాంప్టన్ కార్సన్ అనే ఆయన ఏళ్ళ తరబడి ఆ ఈగల లాలాజల గ్రంథి క్రోమోజోములు తీసి, నేను పైన తెనాలి అమ్మాయికి చెప్పిన పద్ధతిలోనే ఏ గీతల ముక్క ఎక్కడ తిరగబడిందో చూసి బంధుత్వాలు కట్టాడు. చాలావరకు పాత దీవి ఈగలు ముందు మెట్టు, కొత్త దీవి ఈగలు తరవాతి మెట్టు అని తేలింది. రాళ్ళ వయసు లెక్కకట్టినవాళ్ళు వేరు, క్రోమోజోములు చూసినవాళ్ళు వేరు, రెండు లెక్కలూ ఒకేచోటికి వచ్చాయి. ఇంతకన్నా ఏం సాక్ష్యం కావాలి అని నేనంటాను.

మారనిది కూడా ఉంది. మెలనోగాస్టర్, విరిలిస్ అనే ఇంకో డ్రోసోఫిలా విడిపోయి నాలుగు కోట్ల ఏళ్ళు దాటింది, క్రోమోజోము ఒక్కో భుజంలో (నడుముకి ఒక పక్కన ఉండే భాగంలో) జన్యువుల వరస చిందరవందర అయ్యింది కానీ ఏ భుజంలో జన్యువులు ఆ భుజంలోనే దాదాపుగా ఉండిపోయాయి. ఒకే వీధిలో ఇళ్ళు మారారు, వీధి దాటలేదు. శరీరంలో ఏ భాగం ఎక్కడ రావాలో చెప్పే హాక్స్ జన్యువుల వరస మెలనోగాస్టర్‌లో యాంటెన్నాపీడియా, అల్ట్రాబైథొరాక్స్ అనే రెండు హాక్స్ జన్యువుల మధ్య రెండుగా తెగింది, విరిలిస్‌లో అల్ట్రాబైథొరాక్స్ తరవాత తెగింది. రెండుచోట్లా ఈగ మాత్రం చక్కగా ఈగలాగే పుడుతోంది. బయటికి మార్పు కనపడలేదని లోపల మార్పు లేదనుకోకూడదని అందుకే అంటున్నాను.

*ప్రశ్న: ఇవన్నీ అమెరికా, ఆఫ్రికా కబుర్లే. మన దేశంలో ఎవరూ చెయ్యలేదా? - డిగ్రీ విద్యార్థి, విజయనగరం*

ఎందుకు చెయ్యలేదు! బెనారస్ హిందూ యూనివర్సిటీవాళ్ళు మనదేశం నలుమూలల నుంచి అననాసే అనే జాతిని పట్టితెచ్చి దాని ఇన్వర్షన్లు దశాబ్దాలుగా చదివారు. చాలా డ్రోసోఫిలాల్లో మగవాటిలో క్రాసింగ్ ఓవర్ (జత క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం) జరగదు, అననాసేలో జరుగుతుంది, పరీక్షకి కూడా పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి. మైసూరు విశ్వవిద్యాలయంలో నాసుటా, ఆల్బోమికాన్స్ అనే రెండు దగ్గరి రకాల మీద పెద్ద పని జరిగింది. మొదటిదానికి 8 క్రోమోజోములు, రెండోదానికి మూడో క్రోమోజోము వెళ్ళి ఎక్స్, వై అనే లైంగిక క్రోమోజోములకి అతుక్కోవడం వల్ల 6. రెండిటినీ కలిపి తరాల తరబడి పెంచితే, వేరే క్రోమోజోము కూర్పు ఉన్న కొత్త వంశాలు ల్యాబ్‌లోనే నిలదొక్కుకున్నాయి, వాటిని సైటోరేసులు అంటారు. హైదరాబాద్‌లోని కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో రాకేశ్ మిశ్రా బృందం పైన చెప్పిన హాక్స్ జన్యువుల మధ్య పొలం గట్లలా పనిచేసే డీఎన్ఏ ముక్కల్ని పరిశోధించింది. ఒక జన్యువుకి వచ్చిన సంకేతం పక్క జన్యువులోకి పారకుండా ఆపేవి అవే.

*ప్రశ్న: ఇంట్లో చూడొచ్చా? - ఏడో తరగతి, ఖమ్మం*

హాయిగా చూడొచ్చు. వెడల్పు మూతి గాజు సీసాలో బాగా మగ్గిన అరటిపండు ముక్క వేసి, మూత తీసి వంటింట్లో ఒక రోజు పెట్టు. పది పన్నెండు ఈగలు వచ్చాక మూతికి దూది పెట్టు. ప్లాస్టిక్ మూత బిగించొద్దు, గాలి ఆడక చచ్చిపోతాయి. మూడు నాలుగు రోజుల్లో తెల్లటి పురుగులు, సుమారు పది రోజుల్లో కొత్త ఈగలు. భూతద్దం ఉంటే మగ ఈగ ముందు కాళ్ళ మీద నల్లటి చిన్న దువ్వెన ఉందేమో చూడు. మెలనోగాస్టర్ మగదానికి ఒకే వరస, పది పళ్ళ దాకా ఉంటాయి. పొత్తికడుపు చివర నల్లగా లేకుండా, దువ్వెన ఒకటి కన్నా ఎక్కువ వరసల్లో కనపడితే అది అననాసే కావచ్చు, బొమ్మ గీసి పంపు.